ఎవరితో ఎవరు ఆడాలి?
(అమెరికా హైస్కూల్ బాస్కెట్‌బాల్ పోటీల్లో డివిజన్లు, సీడింగ్ – ఒక పరిశీలన)



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి నాకంటే ముందు చదివిన అక్కలు ఈ సంచికల్లో ఎంతో బాగా రాశారు. అందుకని నేను ఒక ఆట గురించి, ఆ ఆట వెనుక ఉన్న లెక్క గురించి రాద్దామనుకున్నాను. లెక్క అనగానే పేజీ తిప్పేయకండి. ఇందులో కూడిక, తీసివేత, కొంచెం శాతాలు తప్ప ఇంకేమీ లేవు.

ముందుగా ఒక చిన్న సంగతి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు హాస్టళ్ల మధ్య ఖోఖో పోటీలు పెట్టారు. ఎనిమిది జట్లు వచ్చాయి. ఎవరితో ఎవరు ఆడాలో చీట్లు తీసి నిర్ణయించారు. మాకు మొదటి మ్యాచ్‌లోనే అంతకు ముందు ఏడాది కప్పు గెలిచిన జట్టు వచ్చింది. రెండు నెలలు తెల్లవారుజామున లేచి సాధన చేసిన వాళ్లం, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయి మధ్యాహ్న భోజనానికి ముందే మూటాముల్లె సర్దుకున్నాం. అదే జట్టు సాయంత్రం ఫైనల్లో తొమ్మిది పాయింట్ల తేడాతో గెలిచిందని తర్వాత తెలిసింది. మా కెప్టెన్ అక్క ఆ ఏడాది పదో తరగతి పూర్తి చేసి వెళ్లిపోయింది. ఆమెకు ఇంకో అవకాశం రాలేదు. "చీటీలో అలా రాసిపెట్టి ఉంది, ఏం చేస్తాం" అని అందరం అనుకున్నాం.

ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్‌లో చేరిన తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, అది రాసిపెట్టి ఉన్నది కాదు, మనుషులు ఎంచుకున్న పద్ధతి. వేరే పద్ధతులూ ఉన్నాయి. అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ చుట్టూ ఈ విషయం మీద ఎన్నో దశాబ్దాలుగా వాదోపవాదాలు జరుగుతున్నాయి. సెమినార్ కోసం నేను ఎంచుకున్న అంశం ఇదే. అందులో నేర్చుకున్నది మీతో పంచుకుంటాను.

1. రెండు వేర్వేరు పనులు

అమెరికాలో హైస్కూల్ ఆటలను ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క సంఘం నడుపుతుంది. దేశమంతటికీ ఒకే నియమం లేదు. చలికాలంలో బాస్కెట్‌బాల్ సీజన్ నడుస్తుంది. చుట్టుపక్కల స్కూళ్లతో వారాల తరబడి ఆడిన తర్వాత చివరలో ప్లేఆఫ్‌లు వస్తాయి. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు తర్వాతి రౌండుకు. దీన్నే మనం నాకౌట్ అంటాం.

ప్లేఆఫ్‌లకు ముందు నిర్వాహకులు రెండు పనులు చేయాలి.

మొదటిది డివిజన్లు చేయడం. అంటే, వందల స్కూళ్లను కొన్ని గుంపులుగా విడగొట్టి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క కప్పు పెట్టడం.

రెండోది సీడింగ్ చేయడం. అంటే, ఒక గుంపులోని జట్లకు బలాన్ని బట్టి 1, 2, 3 అని నంబర్లు ఇచ్చి, ఆ నంబర్ల ప్రకారం ఎవరితో ఎవరు ఆడాలో పట్టిక వేయడం. ఆ నంబరునే సీడ్ అంటారు.

ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే తికమక వస్తుంది. సులువైనది కాబట్టి రెండోది ముందు చూద్దాం.

2. సీడింగ్‌లో ఉన్న లెక్క

ఎనిమిది జట్లు ఉన్నాయనుకోండి. మొదటి రౌండులో 1వ జట్టు 8తో, 2వ జట్టు 7తో, 3వ జట్టు 6తో, 4వ జట్టు 5తో ఆడతాయి. గమనించారా? ప్రతి జోడీ మొత్తం 9. జట్లు 16 ఉంటే ప్రతి జోడీ మొత్తం 17. అంటే, జట్ల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేదే జోడీ మొత్తం.

పట్టికలో 1–8, 4–5 మ్యాచ్‌లు పై సగంలో ఉంటాయి. 2–7, 3–6 కింది సగంలో ఉంటాయి. అందరూ తమ నంబరుకు తగ్గట్టు ఆడితే సెమీఫైనల్లో 1–4, 2–3 కలుస్తాయి (మొత్తం 5). ఫైనల్లో 1–2 కలుస్తాయి (మొత్తం 3). అత్యుత్తమమైన రెండు జట్లు చివరి రోజు వరకు ఎదురుపడకుండా చూడడమే సీడింగ్ ఉద్దేశం.

అదే చీట్లు తీస్తే ఏమవుతుంది? ఎనిమిది జట్లలో అత్యుత్తమ జట్టు ఒక గడిలో కూర్చుందనుకోండి. రెండో ఉత్తమ జట్టుకు ఇంకా 7 గడులు మిగిలి ఉంటాయి. అందులో ఒక గడి మొదటి మ్యాచ్‌లోనే ఎదురుపడేది. మూడు గడులు అదే సగంలో ఉన్నవి. కాబట్టి, మొదటి రౌండులోనే ఆ రెండూ ఢీకొనే అవకాశం ఏడింట ఒకటి. ఫైనల్‌కు ముందే ఒకదాన్నొకటి ఎదుర్కొనే స్థానాల్లో పడే అవకాశం ఏడింట మూడు. అంటే, చీట్ల పద్ధతిలో ఏడుసార్లు పోటీ పెడితే దాదాపు మూడుసార్లు రెండో ఉత్తమ జట్టుకు ఫైనల్లో చోటు దొరకడం కష్టం. మా ఖోఖో జట్టు రెండో ఉత్తమ జట్టో కాదో నేను చెప్పలేను. కానీ ఈ లెక్క మొదటిసారి వేసిన రాత్రి నాకు మా కెప్టెన్ అక్క గుర్తొచ్చింది.

జట్ల సంఖ్య 4, 8, 16 లాగా సరిగ్గా లేకపోతే 'బై' ఇస్తారు. బై అంటే మొదటి రౌండు ఆడకుండా నేరుగా రెండో రౌండుకు వెళ్లడం. ఉదాహరణకు 11 జట్లు వచ్చాయనుకోండి. దాని పైన ఉన్న సంఖ్య 16. 16లోంచి 11 తీసివేస్తే 5. మొదటి ఐదు సీడ్‌లకు బై. మిగిలిన ఆరు జట్లు 6–11, 7–10, 8–9గా మూడు మ్యాచ్‌లు ఆడతాయి. గెలిచిన మూడు, బై వచ్చిన ఐదు కలిసి ఎనిమిది అవుతాయి. ఇక పైన చెప్పిన పట్టికే.

మొత్తం ఎన్ని మ్యాచ్‌లు? ప్రతి మ్యాచ్‌లో ఒక జట్టు ఇంటికి వెళ్తుంది. చివరకు ఒక్కటే మిగలాలి. కాబట్టి 11 జట్లకు 10 మ్యాచ్‌లు, 16 జట్లకు 15 మ్యాచ్‌లు. ఎప్పుడూ ఒకటి తక్కువే.

3. సీడ్ నంబరు ఎవరిస్తారు?

పట్టిక వేయడం తేలిక. 'ఈ జట్టు 3, ఆ జట్టు 4' అని చెప్పడమే కష్టం. దీనికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, కోచ్‌ల ఓటు. ఒహాయో రాష్ట్రంలో చాలా ఏళ్లపాటు ఆ ప్రాంతపు కోచ్‌లే ఓటు వేసి సీడ్‌లు నిర్ణయించేవారు. ఆ తర్వాత ఇంకొక తమాషా ఉండేది. 1వ సీడ్ కోచ్ ముందుగా వచ్చి పట్టికలో తన జట్టు ఎక్కడ ఉండాలో తానే ఎంచుకునేవాడు. తర్వాత 2వ సీడ్, తర్వాత 3వ సీడ్. హాస్టల్లో ముందు వచ్చిన వాళ్లు కిటికీ పక్క చోటు ఎంచుకున్నట్టు!

రెండు, కమిటీ. కొందరు పెద్దలు కూర్చుని సీజన్ ఫలితాలు చూసి నిర్ణయిస్తారు. ఇందులో అనుభవం పనికొస్తుంది. కానీ తెలిసిన వాళ్ల మీద అభిమానం కూడా పని చేస్తుందనే అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

మూడు, సూత్రం. కంప్యూటర్‌తో లెక్క కట్టడం. వీటిలో బాగా ప్రచారంలో ఉన్నది ఆర్.పి.ఐ. అనే పద్ధతి. కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్‌లో దీన్ని 1981 నుంచి 2018 వరకు వాడారు. కొన్ని రాష్ట్రాల హైస్కూల్ సంఘాలు కూడా దీని రూపాలను వాడుకున్నాయి. మూల సూత్రం ఇది: జట్టు గెలుపు శాతంలో నాలుగో వంతు, ప్రత్యర్థుల గెలుపు శాతంలో సగం, ఆ ప్రత్యర్థులు ఆడిన ఇతర ప్రత్యర్థుల గెలుపు శాతంలో నాలుగో వంతు.

ఒక ఉదాహరణ చూద్దాం. 'అ' అనే జట్టు తన మ్యాచ్‌లలో 80 శాతం గెలిచింది. కానీ దాని ప్రత్యర్థుల గెలుపు 40 శాతమే. వారి ప్రత్యర్థులది 50 శాతం. అప్పుడు 20 + 20 + 12.5 = 52.5.

'ఆ' అనే జట్టు 60 శాతమే గెలిచింది. కానీ దాని ప్రత్యర్థుల గెలుపు 65 శాతం, వారి ప్రత్యర్థులది 55 శాతం. అప్పుడు 15 + 32.5 + 13.75 = 61.25.

తక్కువ గెలిచిన 'ఆ' జట్టే పై సీడ్ అయింది! ఎందుకంటే అది గట్టివాళ్లతో ఆడింది. ఎన్ని గెలిచావు అన్నది ఒక్కటే చాలదు, ఎవరి మీద గెలిచావు అన్నది కూడా చూడాలి అన్నదే ఈ సూత్రంలోని నీతి. అయితే దీనికీ ఒక లోపం ఉంది. దూరపు మారుమూల స్కూలుకు గట్టి జట్లతో ఆడే వీలే లేకపోతే? బస్సు ఖర్చుకు డబ్బు లేకపోతే? దాని ప్రత్యర్థులు బలహీనంగా ఉండడం దాని తప్పు కాదు కదా. సూత్రం పక్షపాతం చూపదు, కానీ పరిస్థితినీ చూడదు.

4. డివిజన్లు: ఇండియానా కథ

ఇప్పుడు కష్టమైన పనికి వద్దాం. అసలు గుంపులుగా విడగొట్టాలా? విడగొడితే దేన్ని బట్టి?

ఇండియానా రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ అంటే మనకు క్రికెట్ ఎంతో అంత. అక్కడ రాష్ట్ర స్థాయి హైస్కూల్ టోర్నమెంట్ 1911లో మొదలైంది. దాదాపు 87 ఏళ్లపాటు అన్ని స్కూళ్లకూ కలిపి ఒకటే కప్పు. రెండు వేల మంది పిల్లలున్న పట్టణపు స్కూలైనా, వంద మంది ఉన్న పల్లె స్కూలైనా ఒకే పట్టిక. అందులోనూ చీట్ల పద్ధతే.

1954లో మైలాన్ అనే చిన్న ఊరి స్కూలు ఫైనల్‌కు వచ్చింది. ఆ స్కూల్లో 161 మంది విద్యార్థులే ఉన్నారు. ఎదురుగా మన్సీ సెంట్రల్. మైలాన్‌కు పది రెట్లు పెద్ద స్కూలు, అప్పటికే నాలుగుసార్లు రాష్ట్ర కప్పు గెలిచిన స్కూలు. స్కోరు 30–30 ఉండగా చివరి క్షణాల్లో బాబీ ప్లంప్ అనే కుర్రాడు బంతిని బుట్టలో వేశాడు. మైలాన్ 32–30తో గెలిచింది. ఈ కథను ఆధారంగా చేసుకుని 1986లో 'హూజియర్స్' అనే సినిమా కూడా వచ్చింది.

ఈ కథ వినగానే 'చూశారా, ఒకే పట్టిక ఉంటే చిన్నవాళ్లూ గెలవగలరు' అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ స్టాటిస్టిక్స్ చదివే వాళ్లు ఇంకొక ప్రశ్న వేయాలి. మైలాన్ ఒక్కటి గెలిచింది సరే, మిగతా చిన్న స్కూళ్ల సంగతి ఏమిటి? 1954 తర్వాత అంత చిన్న స్కూలు ఏదీ ఆ ఒకే కప్పును మళ్లీ గెలవలేదు. మనం గెలిచిన ఒక్కరి కథనే చెప్పుకుంటాం. మొదటి రౌండులో ఓడి బస్సెక్కిన వందల మంది కథ ఎవరూ సినిమా తీయరు.

ఈ వాదనే చివరకు నెగ్గింది. 1996లో ఇండియానా సంఘం నిర్ణయం తీసుకుంది. 1997లో బ్లూమింగ్టన్ నార్త్ స్కూలు ఆఖరి ఒకే కప్పు గెలిచింది. 1997–98 సీజన్ నుంచి స్కూళ్లను విద్యార్థుల సంఖ్యను బట్టి నాలుగు తరగతులు చేసి, నాలుగు కప్పులు పెట్టారు. చిన్న స్కూళ్ల ఊళ్లలో సంబరాలు మొదలయ్యాయి. కానీ చాలామంది పాతతరం వాళ్లు ఈ మార్పును ఈనాటికీ ఒప్పుకోరు. నాలుగు కప్పులుంటే నాలుగో వంతు గౌరవమే దక్కుతుందని వాళ్ల మాట.

పొరుగున ఉన్న కెంటకీ రాష్ట్రం మాత్రం మారలేదు. అక్కడ రాష్ట్రాన్ని 16 ప్రాంతాలుగా విడగొడతారు. ప్రతి ప్రాంతపు విజేత 'స్వీట్ సిక్స్‌టీన్' అనే రాష్ట్ర పోటీకి వస్తుంది. స్కూలు పెద్దదా చిన్నదా అన్న విభజన లేదు. పక్కపక్క రాష్ట్రాలు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఇచ్చుకున్నాయి. ఒహాయో అయితే 2024–25 సీజన్ నుంచి బాస్కెట్‌బాల్ డివిజన్లను నాలుగు నుంచి ఏడుకు పెంచింది.

5. పెద్ద స్కూలు అంటే బలమైన స్కూలేనా?

విద్యార్థుల సంఖ్యను బట్టి విడగొట్టడం చూడటానికి న్యాయంగా ఉంటుంది. తలలు లెక్కపెట్టడంలో పక్షపాతం ఉండదు. కానీ బాస్కెట్‌బాల్‌కు మైదానంలో ఐదుగురు చాలు. తక్కువ మంది విద్యార్థులున్న ప్రైవేటు స్కూలు మంచి కోచ్‌ను పెట్టుకుని, దూరప్రాంతాల నుంచి పొడవైన ఆటగాళ్లను చేర్చుకుంటే? తలల లెక్కలో అది 'చిన్న' స్కూలే. పల్లెటూరి చిన్న స్కూలు దానితో ఆడాలి. పేరుకు ఇద్దరూ సమానులు!

ఈ చిక్కు విప్పడానికి ఇండియానా 2012లో ఒక నియమాన్ని ఆమోదించింది. టోర్నమెంట్‌లో మొదటి మెట్టు గెలిస్తే 1 పాయింటు, రెండో మెట్టు గెలిస్తే 2, మూడో మెట్టుకు 3, రాష్ట్ర కప్పు గెలిస్తే 4. రెండేళ్లలో 6 పాయింట్లు వస్తే ఆ స్కూలు పై తరగతికి వెళ్లాలి. ఒక ఏడాది రాష్ట్ర కప్పు (4), ఇంకో ఏడాది రెండో మెట్టు (2) వస్తే చాలు, పైకి వెళ్లాల్సిందే. అంటే, తలల లెక్కకు విజయాల లెక్క తోడైంది.

కాలిఫోర్నియా ఇంకా ముందుకు వెళ్లింది. ఆ రాష్ట్ర సంఘంలో పది సెక్షన్లు ఉన్నాయి. 2013లో రాష్ట్ర పోటీల్లో 'ఓపెన్ డివిజన్' మొదలుపెట్టారు. స్కూలు సైజుతో పని లేకుండా అత్యంత బలమైన జట్లన్నీ అందులోకి వెళ్తాయి. అప్పుడు మిగతా డివిజన్లలో మామూలు జట్లకు ఊపిరి ఆడుతుంది. లాస్ ఏంజిల్స్‌లోని సియెర్రా కాన్యన్ అనే ప్రైవేటు స్కూలు బాలుర జట్టు 2018లోనూ 2019లోనూ ఈ ఓపెన్ కప్పునే గెలిచింది. అలాంటి జట్టు చిన్న స్కూళ్ల డివిజన్లో ఉంటే ఏమై ఉండేదో ఊహించుకోండి.

అక్కడి సెక్షన్లలో అన్నిటికంటే పెద్దదైన సదరన్ సెక్షన్‌లో 'పోటీ సమానత్వం' అనే పద్ధతి తెచ్చారు. జట్లను సైజును బట్టి కాక బలాన్ని బట్టి డివిజన్లు చేయడం. మొదట్లో గడచిన రెండు సీజన్ల ఆటను చూసి చేసేవారు. కానీ గట్టి ఆటగాళ్లందరూ పన్నెండో తరగతి పూర్తి చేసి వెళ్లిపోయిన జట్టు, వాళ్లు సంపాదించిన పేరుకు ఈ ఏడాది శిక్ష అనుభవించేది. అందుకని తర్వాత ఈ సీజన్ ఆటనే కొలిచి, సీజన్ చివరలో డివిజన్లు ప్రకటించే పద్ధతికి మారారు. 2020లో ఓపెన్ డివిజన్‌లోని ఎనిమిది జట్లను రెండు పూల్‌లు చేసి లీగ్ పద్ధతిలో ఆడించారు. ఒక్క ఓటమితో ఎవరూ ఇంటికి వెళ్లకుండా!

ఇందులోనూ పేచీ ఉంది. ఓపెన్‌లో ఎనిమిది జట్లు అనుకోండి. ఎనిమిదో జట్టుగా అందులోకి వెళ్తే అన్నీ కొండలే. తొమ్మిదో జట్టుగా ఆగిపోతే కింది డివిజన్లో తానే 1వ సీడ్, కప్పు గెలిచే అవకాశం చాలా ఎక్కువ. ఒక్క స్థానం పైకి వెళ్లడం బహుమానమా, శిక్షా? అలాగే సీజన్లో ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన జట్టు కూడా కింది డివిజన్లో కప్పు గెలవవచ్చు. ఆ కప్పు విలువ ఎంత అని కొందరు అడుగుతారు. ఆ పిల్లలను అడిగితే వేరే జవాబు వస్తుంది.

కాబట్టి తేలింది ఏమిటంటే, సైజుతో కొలిచినా, పాత విజయాలతో కొలిచినా, ఈ ఏటి బలంతో కొలిచినా ప్రతి కొలబద్దా ఒకరికి మేలు, ఇంకొకరికి నష్టం చేస్తుంది. లోపం లేని కొలబద్ద లేదు. ఏ లోపాన్ని భరించగలం అన్నదే ప్రశ్న.

6. పట్టిక కంటే ముందు గేటు

చెల్లెళ్లూ, మైలాన్ కథను అందరూ చెబుతారు. అదే ఏడాది ఆ టోర్నమెంట్‌లోనే ఉన్న ఇంకొక జట్టు కథ మనం ముఖ్యంగా తెలుసుకోవాలి. ఆ స్కూలు పేరు క్రిస్పస్ అటక్స్. ఇండియానాపొలిస్ నగరంలో నల్లజాతి పిల్లలను తెల్లవారి పిల్లలతో కలిపి చదవనివ్వకూడదని, వాళ్ల కోసం విడిగా 1927లో కట్టిన హైస్కూలు అది. రాష్ట్ర సంఘం 1942 వరకు నల్లవారి స్కూళ్లను టోర్నమెంట్‌కు రానివ్వలేదు. 'అన్ని స్కూళ్లకూ ఒకే పట్టిక' అని గొప్పగా చెప్పుకున్న కాలంలో మూడో వంతుకు పైగా ఇలా గడిచింది. ఆ 'అన్ని'లో వీళ్లు లేరు.

1954లో అటక్స్ జట్టు మైలాన్ చేతిలోనే ఓడిపోయింది. మరుసటి ఏడాది, 1955లో, అదే జట్టు రాష్ట్ర కప్పు గెలిచింది. నల్లవారి స్కూలు ఒకటి, అందరికీ కలిపి పెట్టిన రాష్ట్ర పోటీలో గెలవడం అమెరికాలో అదే మొదటిసారి. ఇండియానాపొలిస్ నగరానికి రాష్ట్ర కప్పు తెచ్చిన మొదటి స్కూలు కూడా అదే. కోచ్ రే క్రో. ప్రధాన ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్, ప్రభుత్వం పేదలకు కట్టించిన ఇళ్లలో పెరిగిన కుర్రాడు. గెలిచిన జట్లు నగరం నడిబొడ్డున సంబరాలు చేసుకోవడం ఆనవాయితీ. వీళ్లను మాత్రం అక్కడ ఎక్కువసేపు ఉండనివ్వకుండా నల్లవారి పేటలోని పార్కుకు పంపించారు. 1956లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వాళ్లే మళ్లీ కప్పు గెలిచారు. రాబర్ట్‌సన్ 1960 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. బాస్కెట్‌బాల్ చరిత్రలో గొప్పవాళ్లలో ఒకడయ్యాడు.

ఇంకొక గేటు కూడా ఉంది. అదే ఇండియానాలో బాలికలకు రాష్ట్ర టోర్నమెంట్ మొదలైంది 1976లో. బాలురది 1911లో మొదలైందని పైన చెప్పాను. తేడా 65 ఏళ్లు! ఆ 65 ఏళ్లలో బాగా ఆడిన అమ్మాయిలకు సీడ్ ఎంత, డివిజన్ ఏది అనే ప్రశ్నే రాలేదు. లోపలికి రానివ్వని వారికి నంబరు ఎందుకు?

అందుకే నా సెమినార్‌లో నేను చివరి మాటగా చెప్పింది ఇది. మొదట గేటు తెరవాలి. తర్వాత కొలబద్ద మంచిదా కాదా అని వాదించుకోవచ్చు. గేటు తెరిచాం కదా అని కొలబద్ద సంగతి వదిలేయనూ కూడదు.

7. మన సంగతి

ఈ లెక్కలన్నీ చదువుతుంటే నాకు మా బడి గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతి మొదట్లో ఒక పరీక్ష పెట్టి మార్కులను బట్టి 'ఎ', 'బి' సెక్షన్లు చేశారు. ఆ నెలలో నాకు టైఫాయిడ్. నేను 'బి'లో పడ్డాను. బి సెక్షన్ కాబట్టి మెల్లగా చెబుతారు, తక్కువ చెబుతారు. అది మంచికే అన్నారు. కొంతవరకు నిజమే కూడా. కానీ ఆ తర్వాత రెండేళ్లు ఎవరూ మమ్మల్ని మళ్లీ కొలవలేదు. బి అంటే బి. మా అమ్మ కూలికి వెళ్తూ "ఏ సెక్షన్ అయితే ఏంది, పుస్తకం అదే కదా" అనేది. ఆమెకు అక్షరాలు రావు గానీ ఆ మాట నన్ను నిలబెట్టింది.

పదో తరగతిలో కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు రెండు సెక్షన్లకూ కలిపి ఒకే పరీక్ష పెట్టారు. మొదటి పది ర్యాంకుల్లో ముగ్గురం బి సెక్షన్ వాళ్లం. ఆ రోజు ఆయన మాకు కొత్తగా తెలివితేటలు ఇవ్వలేదు. ఉన్నవి కొలిచారు, అంతే. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటి మనిషిని నేను. దానికి ఆ ఒక్క పరీక్ష కారణం అని చెప్పను గానీ, ఆ కాగితం నేను ఇప్పటికీ దాచుకున్నాను.

కాబట్టి అమెరికా బాస్కెట్‌బాల్ నుంచి నేను తీసుకున్న పాఠాలు మూడు. డివిజన్ చేయడం తప్పు కాదు, చిన్నవాళ్లకు నిలదొక్కుకోవడానికి చోటు కావాలి. కానీ ఒకసారి వేసిన గుంపులోనే ఉంచేయకూడదు, ప్రతి ఏడాదీ మళ్లీ కొలవాలి. ఏదో ఒక చోట అందరూ కలిసి ఆడే పట్టిక, పైకి వెళ్లే మెట్టు తప్పకుండా ఉండాలి.

మన హాస్టళ్ల ఆటల పోటీలకు కూడా ఒక సూచన చేస్తున్నాను. చీట్లు పూర్తిగా మానేయనక్కర్లేదు. గత ఏడాది ఫైనల్ ఆడిన రెండు జట్లను పట్టికలో పైన ఒకటి, కింద ఒకటి పెట్టి, మిగతా వాటికి చీట్లు తీస్తే చాలు. మొదటి మ్యాచ్ ఓడిన జట్లకు విడిగా ఒక చిన్న పట్టిక వేస్తే ప్రతి జట్టూ కనీసం రెండు మ్యాచ్‌లు ఆడుతుంది. దీనికి అయ్యే ఖర్చు ఒక తెల్లకాగితం, ఒక స్కేలు, ఇంకో పూట మైదానం. దూరం నుంచి బస్సులో వచ్చిన పిల్లలు మధ్యాహ్నానికే ముఖం వేలాడేసుకుని తిరిగి వెళ్లరు. ఈ విషయం వార్డెన్ మేడమ్‌కు, పి.ఇ.టి. మేడమ్‌కు కూడా విన్నవించుకుంటున్నాను.

అభ్యాసం

1. పోటీకి 13 జట్లు వచ్చాయి. ఎన్ని జట్లకు బై ఇవ్వాలి? మొత్తం ఎన్ని మ్యాచ్‌లు?
2. 16 జట్ల పట్టికలో 5వ సీడ్ మొదట ఎవరితో ఆడుతుంది? అందరూ నంబరుకు తగ్గట్టు గెలిస్తే క్వార్టర్ ఫైనల్లో ఎవరితో?
3. ఎనిమిది జట్లను రెండు పూల్‌లుగా, రెండింటి సీడ్‌ల మొత్తం సమానంగా ఉండేటట్లు విడగొట్టండి. 1, 2 సీడ్‌లు వేర్వేరు పూల్‌లలో ఉండాలి.

జవాబులు: 1) 16 – 13 = 3 బైలు; 12 మ్యాచ్‌లు. 2) మొదట 12వ సీడ్‌తో; క్వార్టర్ ఫైనల్లో 4వ సీడ్‌తో. 3) ఒక జవాబు: 1, 4, 5, 8 ఒక పూల్, 2, 3, 6, 7 ఇంకో పూల్. రెండింటి మొత్తం 18.

మూడు లెక్కలూ సరిగ్గా చేసిన చెల్లెలు వచ్చే ఏడాది మన పోటీలకు పట్టిక వేయాలని నా కోరిక. వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అక్క,
ఎం.ఎస్సీ. (స్టాటిస్టిక్స్),
ఈ వసతి గృహం పూర్వ విద్యార్థిని